ముప్ఫై ఏడు డిగ్రీల పిండి

ఆదివారం ఉదయం ఆర్.కె. పురం సర్కారీ క్వార్టర్లో ఇడ్లీ పాత్ర మూత తీయగానే కృష్ణకుమారిగారి ముఖం మాడిపోయింది. ఆ వారంలో ఇది మూడోసారి. మొదటిసారి ఢిల్లీ నీళ్ళని తిట్టారు. రెండోసారి మినప్పప్పు అమ్మిన దుకాణంవాణ్ణి తిట్టారు. ఇప్పుడు తిట్టడానికి ఎవరూ మిగల్లేదు. చెంచాతో తీసి ప్లేట్లో వేస్తే ఇడ్లీ టక్కుమని చప్పుడు చేసింది.

తెనాలిలో ఆవిడ ఇడ్లీలకి పేరుంది. కూతురు శరణ్య దగ్గర రెండు నెలలు ఉండి పోదామని వచ్చి, ఆ పేరు కాస్తా జనవరి చలికి పోగొట్టుకునేలా ఉన్నారు. రాత్రంతా ఉంచినా పిండి గిన్నెలో పోసింది పోసినట్టే ఉంటోంది తప్ప ఒక్క బుడగ లేవడం లేదు. అది చాలదన్నట్టు, పక్క క్వార్టరు సేఠీ ఆంటీని సోమవారం పొద్దున్న టిఫినుకి పిలిచేశారు. "బజార్లో మీరు తినేవి ఇడ్లీలు కావు, మా ఇంటికొచ్చి చూడండి" అని వచ్చీరాని హిందీలో సవాలు కూడా చేశారు.

సరిగ్గా ఆ సమయంలో అల్లుడు కిరీటి నోరు జారాడు.

"మా ల్యాబ్‌లో అయితే ఈ గొడవే లేదత్తయ్యా. మొన్న కొత్త ఇంక్యుబేటర్ వచ్చింది. బయట ఎంత చలి ఉండనీయండి, లోపల ముప్ఫై ఏడు డిగ్రీలే. మనిషి ఒంట్లో ఎంత వేడి ఉంటుందో అంతే."

"ఎంత ఉంటుంది అది?"

"చిన్న బీరువా అంత."

"అందులో ఏం పెట్టారు?"

"ఇంకా ఏమీ పెట్టలేదు. నిన్ననే ఆన్ చేసి వదిలేశారు. రేపు కమిటీ ఛైర్మన్ వచ్చి రిబ్బన్ కత్తిరించాకే వాడాలి."

"అయితే ఖాళీగా ఉందన్నమాట."

శరణ్య పేపర్లోంచి తల ఎత్తి భర్త వంక జాలిగా చూసింది. తల్లి 'అన్నమాట' అన్నదంటే ఆ విషయం తేలిపోయినట్టేనని ఆమెకు చిన్నప్పటినుంచి తెలుసు. కిరీటికి పెళ్ళయి నాలుగేళ్ళే కాబట్టి ఇంకా వాదించవచ్చనుకున్నాడు.

"అమ్మో, కుదరదండీ. అక్కడ జీవకణాలు పెంచుతాం. పులిసిన వస్తువు వాసన తగిలితేనే మా మేడమ్ ఊరుకోరు."

"పులిసిందని ఎవరన్నారు? పులవలేదనేగా నా ఏడుపు!" అన్నారు కృష్ణకుమారిగారు. "సరే, మీ ల్యాబ్‌లో మీరేం చేస్తారో నాకు అర్థమయ్యేలా చెప్పండి అల్లుడుగారూ. అది ఇడ్లీ కంటే గొప్పదైతే నేను నోరెత్తను."

కిరీటి కటవారియా సరాయ్‌కి దగ్గర్లో ఉన్న ఒక పరిశోధనా సంస్థలో ప్రాజెక్ట్ సైంటిస్టు. తన పని గురించి ఎవరైనా అడిగితే చాలు, ఒళ్ళు మరిచిపోతాడు. ఇంట్లో ఎవరూ అడగరు కాబట్టి ఈ అవకాశం వదులుకోలేకపోయాడు.

"కొందరికి ఒంట్లో యూరిక్ యాసిడ్ పేరుకుని కాలి బొటనవేలు వాచిపోతుంది కదా, ఆ యాసిడ్ని విరగ్గొట్టే ఎంజైము ఒకటుంది. ఎంజైమంటే ఒక రకం ప్రోటీన్. ఒట్టి ఎంజైముని తయారు చేయిస్తే ఉండలు కట్టేస్తుంది. ఉండ కట్టిన ప్రోటీన్ ఎందుకూ పనికిరాదు. నానా తంటాలు పడి విడదీసినా ఒంటి వేడికి గంటల్లో చచ్చిపోతుంది. అందుకని నేను దాన్ని యాంటీబాడీ తోకకి అతికించి, రెండూ కలిపి ఒకే ముక్కగా తయారు చేయించాను. యాంటీబాడీ మహా గట్టిది. ఒంట్లో వారాల తరబడి తిరుగుతుంది."

"అంటే నిలకడ లేని కుర్రాడికి బుద్ధిమంతురాలిని చూసి ముడిపెట్టారు."

"ఇంచుమించు అంతే."

"మరి బాగుపడ్డాడా?"

"ఫ్రిజ్‌లో ఉన్నంతసేపూ బుద్ధిగానే ఉన్నాడు. వేడిలో పెట్టి చూడ్డానికి నాకే ధైర్యం చాలలేదు. ఉన్నవి ఆరే ట్యూబులు. మూడింట్లో ఒట్టి ఎంజైము, మూడింట్లో అతికించినది. పాడైతే మళ్ళీ తయారుచేయడానికి నెలలు పడుతుంది. రేపు కమిటీకి చూపించాల్సింది వాటినే. వాళ్ళు ఊ అంటే ప్రాజెక్టు రెండేళ్ళు పొడిగిస్తారు. కాదంటే మార్చి నెలాఖరుకి నా ఉద్యోగం పోతుంది."

అల్లుడి ఉద్యోగం మీద కృష్ణకుమారిగారికి నిజంగానే బెంగ ఉంది. కానీ సేఠీ ఆంటీ మీద అంతకంటే ఎక్కువ ఉంది.

"మీ ట్యూబుల జోలికి మనం వెళ్ళడం లేదుగా. అవి ఫ్రిజ్‌లో ఉంటాయి. పిండి బీరువాలో ఉంటుంది. రేపు పొద్దున్నే ఏడింటికి వెళ్ళి గిన్నె పట్టుకొచ్చేయండి. సేఠీ ఆవిడ వచ్చేసరికి వేడివేడి ఇడ్లీ. మీరు తిని, దర్జాగా కమిటీకి వెళ్ళవచ్చు."

వినడానికి ప్లాను చాలా చక్కగా ఉంది. కొంప ముంచే ప్లానులన్నీ వినడానికి చక్కగానే ఉంటాయని కిరీటికి ఆ క్షణాన తోచలేదు.

సాయంత్రం సెలవు రోజు నిశ్శబ్దంలో అతను మూతపెట్టిన స్టీలు గిన్నెతో ల్యాబ్‌లోకి దూరాడు. అక్కడ ఒక చిక్కు వచ్చిపడింది. ల్యాబ్‌లో హెడ్ డాక్టర్ సభర్వాల్ మేడమ్ పెట్టిన చట్టం ఒకటుంది. ప్రతి వస్తువు మీదా అదేమిటో, ఎవరిదో రాసి ఉండాలి. రాసి ఉన్నదాన్ని ఎవరూ తెరవకూడదు. రాయనిదాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, పారేయనూ వచ్చు. గిన్నె మీద 'ఇడ్లీ పిండి, కిరీటి' అని రాయలేడు కదా.

కోల్డ్ రూమ్‌లో అతని ప్రోటీన్ ట్యూబులు ఐసు ముక్కల మధ్య ఒక పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో ఉన్నాయి. డబ్బా మీద ఎర్ర అక్షరాలతో 'ఫ్యూజన్ ప్రోటీన్, కిరీటి, చల్లగా ఉంచాలి, ముట్టుకోవద్దు' అని లేబుల్ అంటించి ఉంది. దాన్ని చూడగానే కిరీటి బుర్ర పాదరసంలా పనిచేసింది. ట్యూబులు ఆరూ తీసి అక్కడే ఒక మామూలు స్టాండులో గుచ్చాడు. డబ్బాలో ఐసు ఒంపేసి, తుడిచి, గిన్నె అందులో దించి, మూత పెట్టి, తీసుకెళ్ళి కొత్త ఇంక్యుబేటర్లో పెట్టాడు. ఆ లేబుల్ ఉన్న డబ్బాని మేడమ్ కూడా ముట్టుకోరు. ట్యూబుల మీద ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు తప్ప ఇంకేమీ రాసి లేవన్న సంగతి అతనికి తట్టనే లేదు.

సోమవారం ఏడింటికి అతను చేరేసరికి పొగమంచులో గేటు కూడా సరిగ్గా కనబడలేదు. కానీ మూడో అంతస్తులో లైట్లన్నీ వెలుగుతున్నాయి. సభర్వాల్ మేడమ్ పట్టుచీర కట్టుకుని నిలబడి ఉన్నారు. ఇంక్యుబేటర్ మెడలో బంతిపూల దండ ఉంది. తలుపుకి అడ్డంగా ఎర్ర రిబ్బను, మధ్యలో ఇంత పువ్వుముడి.

"అరే కిరీటీ! ఇంత పొద్దున్నే వచ్చావా? వెరీ గుడ్" అన్నారు మేడమ్ హిందీలో. "ఎలా ఉంది డెకరేషన్?"

"చాలా బాగుంది మేడమ్. ఒక్కసారి తలుపు తీసి లోపల టెంపరేచర్ చూద్దామా?"

"బయట డిస్‌ప్లేలో కనిపిస్తోంది కదా, థర్టీ సెవెన్."

"తలుపు కొంచెం బిగుసుకుంటోందని విన్నాను మేడమ్. ఛైర్మన్ గారు లాగినప్పుడు రాకపోతే బాగుండదు."

"శనివారమే పదిసార్లు తీసి చూశాం. వెన్నలా వస్తోంది. సర్ వచ్చేదాకా ఎవరూ ముట్టుకోకూడదు" అని ఆవిడ కుర్చీ తెచ్చుకుని ఇంక్యుబేటర్ ఎదురుగా కూర్చున్నారు.

కిరీటి ఫోను మోగింది. "ఎక్కడిదాకా వచ్చింది అల్లుడుగారూ?" అన్నారు కృష్ణకుమారిగారు.

"రిబ్బన్ దాకా వచ్చిందండీ" అన్నాడతను గొంతు తగ్గించి. "ఇప్పట్లో రాదు. ఆంటీకి ఏదో ఒకటి చెప్పండి."

"ఏం చెప్పను?"

"పొగమంచని చెప్పండి."

"ఆవిడ పక్క గుమ్మమేనండీ!"

పదకొండింటికి రావలసిన ఛైర్మన్ రామమోహనరావుగారు, ఘాజియాబాద్ నుంచి వచ్చే దారిలో పొగమంచుకి ఎక్కడ ఇరుక్కుపోతానోనని చీకటితోనే బయల్దేరి, తొమ్మిది కాకుండానే దిగిపోయారు. మిగతా సభ్యులు ఇద్దరూ గెస్ట్‌హౌస్‌లోనే ఉన్నారు కాబట్టి పరుగున వచ్చేశారు. రావుగారు తెలుగువాడే కానీ, ముప్ఫై ఏళ్ళ కమిటీ జీవితంలో తెలుగు మాట్లాడిన పాపాన పోలేదని ప్రతీతి. ఒకే ఒక్క ప్రశ్న అడుగుతారనీ, ఆ ప్రశ్నతో ప్రాజెక్టులు మూతపడతాయనీ కూడా చెప్పుకుంటారు. ఆ రోజు ఎడమకాలికి బూటు బదులు చెప్పు వేసుకుని, కుంటుకుంటూ వచ్చారు.

కిరీటి చూపంతా ఇంక్యుబేటర్ అడుగున నేల మీదే ఉంది. ముప్ఫై ఏడు డిగ్రీల్లో పదిహేను గంటలు. పిండి ఈపాటికి గిన్నె దాటి, డబ్బా దాటి, తలుపు రబ్బరు సందులోంచి బయటికి వస్తూ ఉండాలి. చేతిలో టిష్యూ కాగితాల చుట్ట పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు. మార్చి నెలాఖరు అతని కళ్ళముందు తిరిగింది. ఉద్యోగం ఎందుకు పోయిందని రేపెవరైనా అడిగితే ఏం చెప్పాలో ఎంత ఆలోచించినా తోచలేదు.

ఫోటోగ్రాఫర్ "స్మైల్ ప్లీజ్" అన్నాడు. రావుగారు నవ్వకుండా రిబ్బను కత్తిరించారు. తలుపు వెన్నలా వచ్చింది. కిరీటి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. పులుపు వాసన రాలేదు. అరుపులూ వినబడలేదు. నెమ్మదిగా ఒక కన్ను తెరిచి చూస్తే లోపల గిన్నె లేదు, డబ్బా లేదు. మధ్య అరలో ఒక స్టాండు, దాంట్లో ఆరు ట్యూబులు మాత్రం ముచ్చటగా ఉన్నాయి. దేవుడున్నాడనుకున్నాడు కిరీటి. రెండో కన్ను కూడా తెరిచాడు. ట్యూబుల మీద ఒకటి నుంచి ఆరు దాకా తన చేతిరాతతో అంకెలు కనబడ్డాయి. పై ప్రాణాలు పైనే పోయాయి.

వెనకనుంచి జూనియర్ ప్రత్యూష సంతోషంగా గుసగుసలాడింది. ఆ అమ్మాయిది వరంగల్. కటవారియా సరాయ్‌లో గది అద్దెకి తీసుకుని పీహెచ్‌డీ చేస్తోంది. "సార్, రాత్రి నేను చూసిన కాబట్టి సరిపోయింది! ఖాళీ మెషిన్ బాగుండదు, డమ్మీ ట్యూబులు పెట్టమని మేడమ్ ఫోన్ చేసిన్రు. వచ్చి చూస్తే ఎవడో బుద్ధిలేనోడు మీ ప్రోటీన్ డబ్బా తీస్కొచ్చి ఈ వేడిల పెట్టిండు. నాకు కాళ్ళు చేతులు ఆడలే. అట్లనే తీస్కపోయి కోల్డ్ రూమ్‌ల పెట్టిన. అక్కడ్నే పేరు లేని ట్యూబులు ఉండె, ఒట్టి నీళ్ళే అనుకొని ఇందుల పెట్టిన."

ఆ బుద్ధిలేనివాడు గోడకి చేరబడ్డాడు. పొంగాల్సిన పిండి రాత్రంతా చలిలో ఉంది. చలిలో ఉండాల్సిన ప్రోటీన్ రాత్రంతా వేడిలో ఉంది.

"ఇవేమిటి?" అని రావుగారు ఇంగ్లీషులో అడిగారు.

"జస్ట్ ఫర్ షో, సర్. డమ్మీలు" అన్నారు మేడమ్.

ఊరుకుంటే ఆ గండం గడిచేది. కానీ మరో గంటలో ప్రోటీన్ చూపించమంటే ఏం చూపిస్తాడు? రెండేళ్ళుగా ఆ ఆరు ట్యూబుల కోసమే బతికాడు. వాటిని డమ్మీలంటుంటే కిరీటికి మనసొప్పలేదు.

"డమ్మీలు కావు సర్" అన్నాడు. "నా దగ్గరున్న ప్రోటీన్ మొత్తం ఇదే. మొదటి మూడూ ఒట్టి ఎంజైము, తక్కిన మూడూ యాంటీబాడీ తోకకి అతికించినది. పొరపాటున రాత్రంతా ఈ వేడిలో ఉండిపోయాయి. తప్పు నాది."

మేడమ్ కుర్చీలో కూలబడ్డారు. రావుగారు మాత్రం ట్యూబుల వైపు, కిరీటి వైపు మార్చి మార్చి చూశారు.

"నేను ఈ రోజు అడగాలనుకున్న ప్రశ్న ఒక్కటే" అన్నారు ఇంగ్లీషులోనే. "ఫ్రిజ్‌లో మీ ప్రోటీన్ పనిచేస్తుందని రాశారు. రోగి ఒళ్ళు ఫ్రిజ్ కాదు. ముప్ఫై ఏడు డిగ్రీల్లో ఒక రాత్రి నిలబడుతుందా అని మీ రిపోర్టులో ఎక్కడా లేదు. మీరేమో రాత్రంతా పెట్టి, పక్కన ఒట్టి ఎంజైము కూడా పెట్టి, పొరపాటంటున్నారు. పరీక్ష చేయండి."

పరీక్ష చిన్నదే. ఒక పళ్ళెంలో వరసగా ఉన్న గుంటల్లో యూరిక్ యాసిడ్, రంగు మందు కలిపి పోస్తారు. ఎంజైము బతికుంటే గులాబీ రంగు వస్తుంది. చచ్చిపోతే నీళ్ళలాగే ఉంటుంది. కిరీటి ఒక్కో ట్యూబులోంచి ఒక్కో చుక్క వేశాడు. మొదటి గుంటలో రంగు రాలేదు. రెండో దాంట్లో రాలేదు. మూడో దాంట్లోనూ రాలేదు. ప్రత్యూష అప్పటికి సంగతి అర్థమై ఏడుపు మొదలుపెట్టింది. నాలుగో గుంట కాసేపు ఏమీ ఎరగనట్టు ఉండి, ఉన్నట్టుండి అంచుల్లో ఎరుపెక్కింది. చూస్తూ ఉండగానే గుంటంతా నిండు గులాబీ అయింది. దాని వెనకే అయిదు, ఆరు కూడా రంగెక్కాయి.

కిరీటికి అరవాలనిపించింది, అత్తగారి కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మేడమ్ కుర్చీలోంచి ఎగిరి లేచారు. "ప్రత్యూషా, కోల్డ్ రూమ్‌లో కిరీటి డబ్బా ఉందని రాత్రి ఫోన్లో అన్నావుగా? సర్‌కి అదీ చూపించు!"

"వద్దు!" అని కిరీటి అరిచాడు. "అందులో ఏమీ లేదు మేడమ్. అది... అది ఇంకా పూర్తి కాలేదు."

కానీ ప్రత్యూష చేసిన తప్పు దిద్దుకునే ఆత్రంలో అప్పటికే పరిగెత్తుకెళ్ళి డబ్బా తెచ్చి రావుగారి ముందు పెట్టేసింది. ఆయన ఎర్ర లేబుల్ చదివి, డబ్బా మూత తీశారు. తర్వాత గిన్నె మూత కూడా తీశారు.

రావుగారు కళ్ళజోడు ముక్కు మీదికి దించి, వంగి, గిన్నెలోకి చాలాసేపు చూశారు. ముప్ఫై ఏళ్ళ కమిటీ జీవితంలో మొదటిసారి ఆయన నోట తెలుగు వచ్చింది.

"ఇది పొంగలేదేవయ్యా?"

"చలి సార్" అన్నాడు కిరీటి. "మా అత్తగారిది."

"వాట్ ఈజ్ దిస్?" అన్నారు మేడమ్.

రావుగారు మూత పెట్టేసి, ముఖంలో ఏ మార్పూ లేకుండా ఆవిడ వైపు తిరిగారు. "కంట్రోల్ శాంపిల్, డాక్టర్ సభర్వాల్. పోల్చి చూడ్డానికి రాత్రంతా చలిలో ఉంచారు. బయలాజికల్ యాక్టివిటీ ఏమీ లేదు" అన్నారు ఇంగ్లీషులో. మిగతా సభ్యులిద్దరూ గంభీరంగా తలలూపారు. ఒకాయన రాసుకున్నాడు కూడా.

మధ్యాహ్నానికి ప్రాజెక్టు రెండేళ్ళు పొడిగించినట్టు చెప్పేశారు. రావుగారు వెళ్తూ వెళ్తూ కారు దగ్గర కిరీటి భుజం మీద చెయ్యేశారు. "పాళ్ళెంత?"

"ఒకటికి రెండున్నర సార్."

"డాక్టరు నన్ను మినప్పప్పు ముట్టుకోవద్దన్నాడయ్యా. ఇడ్లీ తిని మూడేళ్ళయింది. ఆ ఎంజైమేదో త్వరగా కానివ్వు" అని తన వాచిన కాలి వైపు చూసుకున్నారు. కారెక్కాక అద్దం దించి ఇంకో మాట అన్నారు. "అయినా పిండికి అంత ఖరీదైన యంత్రం ఎందుకు? మనిషి ఒళ్ళే ముప్ఫై ఏడు డిగ్రీలు."

ఇంటికొచ్చి కిరీటి ఈ సంగతులన్నీ పొంగిపోతూ చెప్పాడు. శరణ్య చప్పట్లు కొట్టింది. కృష్ణకుమారిగారు కళ్ళు తుడుచుకుని, "పోన్లెండి, మీ ఉద్యోగం నిలబడింది, నాకదే చాలు" అని మనస్ఫూర్తిగా అన్నారు. ఆ తర్వాత గిన్నె మూత తీసి, ఉన్నది ఉన్నట్టే ఉన్న పిండిని చూశారు. తనకి ఒంట్లో బాగోలేదని సేఠీ ఆంటీకి చెప్పి టిఫిను మంగళవారానికి వాయిదా వేసిన సంగతి గుర్తుచేశారు.

"ఆ పెద్దాయన చివర్లో ఏమన్నారూ? మళ్ళీ చెప్పండి."

"మనిషి ఒళ్ళే ముప్ఫై ఏడు డిగ్రీలని."

"అయితే ఇంట్లోనే ఉందన్నమాట" అన్నారు కృష్ణకుమారిగారు.

శరణ్య లోపలికెళ్ళి రజాయి తెచ్చింది. ఆ రాత్రి కిరీటి గిన్నెని ఒళ్ళో పెట్టుకుని, రజాయి కప్పుకుని, మంచం మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. కదిలితే పిండి ఒలుకుతుందని అత్తగారు రెండుసార్లు వచ్చి హెచ్చరించి వెళ్ళారు.

మంగళవారం పొద్దున్న పిండి మూతని పైకి నెట్టేసింది. ఇడ్లీలు మల్లెపువ్వుల్లా వచ్చాయి. సేఠీ ఆంటీ ఎనిమిది తిని, ఓటమి ఒప్పుకుని, ఢిల్లీ చలిలో ఇంత చక్కగా ఎలా పులిసిందని అడిగింది. కృష్ణకుమారిగారు మూలన కూర్చుని తుమ్ముతున్న అల్లుణ్ణి గర్వంగా చూపించారు.

ఈ యంత్రానికి మాత్రం ఎవరూ రిబ్బను కట్టలేదు.